వాగు పరకలు: గుర్తుపట్టడం, గాలం వేయడం (తరచుగా అడిగే ప్రశ్నలు)

పరక అంటే ఏ చేప?

ఒక్క చేప కాదు. వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు వాగులో దొరికే వేలెడంత తెల్లచేప ఏదైనా జనం నోట పరకే. ఊరు దాటితే అదే పరిక, పరికె, పరిగె అవుతుంది. సంతలో గిన్నెతో కొలిచి పోసే పరకల కుప్పను తాంబాళంలో పరిచి చూస్తే ఐదారు జాతులు తేలతాయి. బుడ్డపరక, చేదుపరక, ఎర్రపరక లాంటి పేర్లు ఉన్నా అవి నిలకడగా ఉండవు. ఒక ఊళ్లో బుడ్డపరక అన్నదాన్ని పక్క ఊళ్లో ఇంకో పేరుతో పిలుస్తారు.

అందుకే ఇక్కడ శాస్త్రీయ నామాలు వాడక తప్పదు. వాటిని చూసి జంకాల్సిన పని లేదు. సోఫోర్, టిక్టో, చోలా, మోలా, డేనికోనియస్ జాతులన్నిటికీ 1822లో గంగా నది చేపల మీద రాసినప్పుడు హామిల్టన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పెట్టిన పేర్లివి. వాటిలో మోలా అన్నది బెంగాల్ జనం నోట ఇప్పటికీ ఉన్న మాటే. పాత పుస్తకాల్లో పుంటియస్ టిక్టో అని ఉన్నది 2012 నుంచి పేథియా టిక్టో అయింది. రెండూ ఒకే చేప.

చేతికొచ్చిన చేపలో ముందు ఏం చూడాలి?

చాలామంది రంగు చూస్తారు. అక్కడే పొరపాటు మొదలవుతుంది. బురద నీళ్లలో పెరిగిన చేప పాలిపోయి ఉంటుంది, పాకురు నీళ్లలోది ముదురుగా ఉంటుంది, జత కట్టే రోజుల్లో మగదానికి ఎర్రచార వస్తుంది, చచ్చాక మచ్చలు మారతాయి. రంగును ఆఖర్న చూడండి.

మొదట మూతి. తడి చేత్తో పట్టుకుని, మూతి పక్కన మీసాలు ఉన్నాయా, ఎన్ని జతలు అని వెలుతురులో చూడాలి. చిన్న పరకకు మీసం తల వెంట్రుకంత సన్నగా మూతికి అంటుకుని ఉంటుంది. పైకెత్తి చూస్తే కనపడదు, నీళ్లలో పెడితే విడివడుతుంది. మీసం లేదని రాసుకున్నవాటిలో సగం నీళ్లలో పెట్టి చూడకపోవడం వల్ల వచ్చినవే.

రెండోది మచ్చలు: ఎన్ని, ఎక్కడ, గుండ్రమా, అడ్డమా. మూడోది పక్కగీత. పొలుసుల మధ్య చిన్న చిన్న రంధ్రాలు వరుసగా మొప్ప దగ్గర నుంచి తోక దాకా వెళ్తాయి. కొన్ని జాతుల్లో ఏడెనిమిది పొలుసుల తర్వాత ఆగిపోతాయి. చిన్న భూతద్దం చాలు. నాలుగోది వీపు రెక్క ముందుండే గట్టి ఈనె. దాని వెనక అంచు మీద గోరు నెమ్మదిగా రాస్తే నున్నగా జారుతుందా, రంపంలా గరగర తగులుతుందా తెలుస్తుంది.

నల్లమచ్చ పరకలన్నీ ఒకేలా ఉన్నాయి. ఎట్లా విడదీయాలి?

ఎక్కువ గందరగోళం ఈ మూడింటి దగ్గరే.

పుంటియస్ సోఫోర్: తోక మొదట్లో ఒక గుండ్రటి మచ్చ, వీపు రెక్క అడుగున ఇంకో నల్లమచ్చ. మీసాలు అసలుండవు. పక్కగీత తోక దాకా పూర్తిగా ఉంటుంది, దాని మీద పొలుసులు 24–26. వీపు రెక్క ఈనె నున్నగా ఉంటుంది. వానాకాలంలో మగ చేప పక్కన ఎర్రటి చార కడుతుంది. ఎర్రపరక అని కొందరు వేరే చేపగా లెక్కపెట్టేది చాలాసార్లు ఇదే.

పుంటియస్ చోలా: మచ్చలు దాదాపు అక్కడే, ఒళ్లు కూడా అంతే. కానీ పై దవడ చివర ఒక జత పొట్టి మీసాలుంటాయి. సోఫోర్‌కు దీనికి నమ్మదగిన తేడా అదొక్కటే, కాబట్టి మీసం చూడకుండా పేరు పెట్టొద్దు.

పేథియా టిక్టో: మచ్చలు రెండే, చోటే వేరు. ఒకటి మొప్ప మూత దాటగానే మూడు నాలుగు పొలుసుల మీద చిన్నగా, రెండోది మలద్వారం వెనక రెక్క చివరికి సూటిగా పైన కొంచెం పెద్దగా. తోక మొదట్లో కాదు, కొంచెం ముందు. మీసాలు లేవు, పక్కగీత సగంలోనే ఆగుతుంది, వీపు రెక్క ఈనెకు రంపపు పళ్లుంటాయి. సాధారణంగా నాలుగైదు సెంటీమీటర్లు.

ఇక రెండు జతల మీసాలు, రంపపు ఈనె, పెద్ద పొలుసులు ఉంటే అది సిస్టోమస్ సరానా. ఇది అడుగు దాకా పెరుగుతుంది. వాగులో దొరికిన దాని పిల్లను పరక అనుకుని వేపుడు చేసేస్తారు. అది పెరగాల్సిన చేప, వదిలేయండి.

పక్కన నల్లగీత ఉన్నది ఏది?

కంటి నుంచి తోక మొదలు దాకా ఒకటే నల్లగీత, మీసాల్లేవు, నోరు ఏటవాలుగా ఉందంటే రాస్బోరా డేనికోనియస్. చెట్టు నీడ పడే నెమ్మది మడుగుల్లో ఐదారు కలిసి తిరుగుతాయి.

గీత ఉండి, పై దవడ నుంచి పొట్ట రెక్కల దాకా వచ్చేంత పొడుగు మీసాలుంటే ఎసోమస్ డాన్రికస్. బొచ్చెలో వేయగానే ఎగిరి బయట పడేది ఇదే. మూత లేని గిన్నెలో ఇది నిలవదు. ఒకటికంటే ఎక్కువ నీలిగీతలు, చిన్న మీసాలు ఉంటే డానియో, డెవారియో వర్గం. ప్రయోగశాలల్లో పెంచే జీబ్రా చేప కూడా ఈ కుటుంబానిదే.

మచ్చా గీతా ఏదీ లేని వెండి చేపలో?

పొలుసు సైజు చూడండి. కంటికి ఆననంత సన్న పొలుసులు, పక్కన వెడల్పాటి వెండి పట్టీ, మధ్యలో ఆగే పక్కగీత ఉంటే అంబ్లీఫారింగోడాన్ మోలా. పోషకాహారం గురించి మాట్లాడేవాళ్లు దీన్నే ఎక్కువ తలుస్తారు, ఎందుకంటే దీని తలలో, కళ్లలో, లోపలి భాగాల్లో ఎ విటమిన్ బాగా ఉంటుంది. తల తీసి పారేస్తే ఆ మేలు పోయినట్టే. ఎండబెట్టినా ఆ విటమిన్ చాలావరకు పోతుంది. పచ్చిది తెచ్చి తలతో సహా పులుసు పెట్టుకోవడమే తెలివైన పని.

కత్తిలా పలచగా, పొడుగ్గా, పొట్ట అంచు పదునుగా ఉండి నీటి పైపైనే తిరిగేది సాల్మోస్టోమా. దానికి గాలం వేసే పద్ధతే వేరు, కింద చెప్పాం.

రాళ్లకు అంటుకుని ఉండేవి పరకలేనా?

కాదు. గడ్డం కింద గుండ్రటి అతుకు ఉండి బండను పట్టుకునేది గర్రా. పాకురు గీక్కుని తింటుంది కనుక గాలానికి దాదాపు రాదు. ఇసుకలో దూరే సన్నపాటి చారల చేపలు ఇంకో రకం. వాటిలో కొన్నిటికి కంటి కింద దాచుకున్న ముల్లుంటుంది, గట్టిగా పట్టుకుంటే గుచ్చుతుంది. వీటిని చూడాలంటే చిన్న చేతివలను ప్రవాహానికి దిగువన నేలకు ఆనించి, ఎగువన రాయిని మెల్లగా ఎత్తాలి. చూశాక రాయిని పాత చోటే, పాత పక్కే పెట్టండి. రాతి అడుగున గుడ్లు, పురుగులు ఉంటాయి. తిరగేసి వదిలేస్తే ఎండకు చస్తాయి.

దొరికింది పరకా, రవ్వు పిల్లా?

మన దగ్గర ఇది ముఖ్యమైన ప్రశ్న. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి మత్తడి దుంకితే ఆ నీళ్లతోపాటు చెరువులో వదిలిన బొచ్చె (కట్లా), రవ్వు (రోహూ), మ్రిగాల పిల్లలు వాగులోకి దిగుతాయి. మ్రిగాల పిల్లకు చిన్నప్పుడు తోక మొదట్లో నల్లమచ్చ ఉంటుంది. సోఫోర్ అనుకోవడానికి అదొక్కటి చాలు.

వీపు రెక్క తెరిచి కొసన చీలిన ఈనెలు లెక్కపెట్టండి. నల్లమచ్చ పరకల్లో 8 ఉంటాయి. రవ్వు, బొచ్చె, మ్రిగాలకు 12, అంతకంటే ఎక్కువ. ఈనెలు లెక్కపెట్టడం కష్టమైతే రెక్క మొదలు పొడవు చూడండి: పరకకు పొట్టిగా నిలబడి ఉంటుంది, వీటికి వీపు మీద పొడుగ్గా సాగి ఉంటుంది. బొచ్చెకు పెద్ద తల, పైకి తిరిగిన నోరు. రవ్వుకు కింది పెదవి కుచ్చులా ఉంటుంది. ఇవైతే వెంటనే నీళ్లలో వేయాలి. చెరువు సంఘం వాళ్ల కష్టం అది.

ఒళ్లంతా నల్లచుక్కలున్న పరక కొత్త జాతా?

కాదు, పురుగు. నత్త నుంచి చేపకు, చేప నుంచి కొంగకు మారే ఒక పరాన్నజీవి చర్మంలో గూడు కడితే ఆవగింజ కంటే చిన్న నల్లచుక్కలు వస్తాయి. వేలికి కొంచెం ఉబ్బెత్తుగా తగులుతాయి. ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ, రెక్కల మీద కూడా ఉంటాయి. జాతి మచ్చ రెండు పక్కలా ఒకే చోట, ఒకే సైజులో ఉంటుంది. అసలు మచ్చను పోల్చుకోవాలంటే ఎప్పుడూ చేపను రెండు వైపులా తిప్పి చూడండి. వేసవి చివర చిన్న గుంటల్లో ఇరుక్కున్న చేపల్లో ఇవి ఎక్కువ. బాగా ఉడికించి తింటే భయం లేదు, ఏ వాగు చేపనూ పచ్చిగా మాత్రం తినొద్దు.

మురుగు కాలువలో గుంపులుగా ఉండే చిన్నవి?

తోక గుండ్రంగా, నోరు పైకి, పొట్ట ఉబ్బుగా ఉంటే గంబూసియా. దోమల కోసం బయటి దేశం నుంచి తెచ్చి వదిలారు. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. బకెట్‌లో తెచ్చి వాగులో పోయొద్దు, వాగు పరకల గుడ్లనూ పిల్లల్నీ తినేస్తుంది.

ఏ కాలంలో, వాగులో ఏ చోట?

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. బతుకమ్మ పండుగ దాటాక వాగు తేరుకుని అడుగు కనిపించడం మొదలవుతుంది, అప్పటి నుంచి మంచి రోజులు. పొద్దున ఎండ పొడిచినప్పటి నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడే ముందు దాకా బెండు (గాలం తాడుకు కట్టే తేలే పుల్ల) ఎక్కువ కదులుతుంది. మార్చి తర్వాత వాగు తెగి మడుగులవుతుంది. అప్పుడు చేప సులువుగా దొరుకుతుంది, అందుకే వేయకూడదు. వచ్చే వానకు వాగు నిండాల్సిన విత్తనమంతా ఆ నాలుగు గుంటల్లోనే ఉంటుంది.

మృగశిర నుంచి ఆరుద్ర దాకా తొలి వరదకు పరకలు గుడ్లతో ఎదురెక్కుతాయి. మృగశిర నాడు చేప తినాలన్న ఆనవాయితీకి చెరువు చేప ఉంది. ఎదురెక్కే పరకను కల్వర్టు దగ్గర బుట్ట పెట్టి పట్టడం మాత్రం మానుకోవాలి.

చోటు విషయానికొస్తే, పరుగు నీళ్లు ఆగి మడుగులో కలిసే అంచు మొదటిది. తేలే ఆహారం అక్కడికే చేరుతుంది. రెండోది వేర్లు నీళ్లలోకి దిగిన మద్ది, నేరేడు, కానుగ చెట్ల కింద. మూడోది చెక్‌డ్యాం దిగువన నురుగు ఆగే చోటు, కానీ అక్కడ కాలు జారుతుంది. చేప ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి ఉంటుంది కాబట్టి దిగువ నుంచి, వంగి, నీడ నీళ్ల మీద పడకుండా వెళ్లాలి.

సామాను ఏం కావాలి?

సంతలో దొరికే గాలాలు జెల్లకు, కొర్రమీనుకు సరిపోయేవి. పరక నోటికి అవి దూరవు. 18 లేదా 20 నంబరు గాలం అడగండి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది, ఇది తెలియక 8 నంబరు కొని నిరాశపడేవాళ్లు ఎక్కువ. కొసన వెనక్కి తిరిగిన చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేయండి. చేప నోరు చిరగదు, తీయడం రెండు క్షణాల పని.

కర్ర: సన్న వెదురు, రెండున్నర నుంచి మూడున్నర మీటర్లు, కొస వేలి కంటే సన్నగా వంగాలి. చక్రం అక్కర్లేదు. తంగూసు (నైలాన్ తాడు) 0.10 లేదా 0.12 మిల్లీమీటర్లది, కర్ర కంటే జానెడు తక్కువ పొడవు. పొడవు సమానంగానో ఎక్కువగానో ఉంటే చేప పడినప్పుడు చేతికి అందక గాల్లో ఊగుతుంది.

బెండు 0.4 గ్రాములు మోసేది చాలు. నెమలి ఈక కాడ లేదా జీలుగు బెండు పుల్లను సన్నగా చెక్కుకోవచ్చు. దానికి 8 నంబరు సీసం గుండ్లు ఆరు పెడితే, ఒక్కోటి 0.06 గ్రాములు కనుక మొత్తం 0.36 అవుతుంది. బెండు కొస నీటిపైన మూడు నాలుగు మిల్లీమీటర్లే తేలాలి. ఇంకా ఎక్కువ తేలితే ఒక గుండు కలపండి. నాలుగు గుండ్లు బెండుకు దగ్గరగా, ఒకటి మధ్యలో, ఆఖరిది గాలానికి ఏడెనిమిది సెంటీమీటర్ల పైన ఉంటే ఎర మెల్లగా దిగుతుంది.

లోతు కొలవడానికి గాలానికి పెద్ద సీసం తగిలించి వదలండి. బెండు మునిగిపోతే పైకి జరపండి, అడ్డంగా పడుకుంటే కిందికి. కొలత దొరికాక ఎర అడుగుకు ఐదు సెంటీమీటర్ల పైన ఉండేట్టు సరిచేసుకోవాలి. పైపైన తిరిగే సాల్మోస్టోమా, డెవారియోలకైతే గుండ్లన్నీ బెండు కిందికి నెట్టి, ఎరను జానెడు లోతులోనే ఉంచాలి.

ఎర ఏది మంచిది?

పిండి ముద్ద: 50 గ్రాముల గోధుమ పిండి, ఒక చెంచా తౌడు, ఒక చెంచా పల్లి చెక్క పొడి, 25–30 మిల్లీలీటర్ల నీళ్లు. కొంచెం కొంచెంగా పోస్తూ చెవి తమ్మెంత మెత్తగా పిసికి పావుగంట తడిగుడ్డ కప్పి ఉంచండి. నీళ్లలో కరిగి ఊడిపోతుంటే చిటికెడు దూది పింజ విడదీసి కలపండి. పత్తి పండే ఊళ్లలో దీనికి కొదవ లేదు. గింజలు ఏరేసి, పోగులు కనిపించకుండా కలిసేదాకా పిసకాలి. ముద్దకు పోగు వేలాడితే పరక పోగు పట్టుకుని గుంజి వదిలేస్తుంది.

గాలానికి పెట్టే ముక్క జొన్న గింజ కంటే చిన్నగా, నువ్వు గింజ కంటే కాస్త పెద్దగా ఉండాలి. గాలం కొస బయటికి కనిపించినా ఫరవాలేదు.

పెంట దిబ్బ అంచున దొరికే సన్న ఎర్రలను నాలుగైదు మిల్లీమీటర్ల ముక్కలు చేసి వాడితే రాస్బోరా, సోఫోర్ రెండూ వస్తాయి. ఉసుళ్లు దొరికితే పైచేపలకు అన్నిటికంటే మంచి ఎర. చేపలను చేర్చడానికి తౌడు, మట్టి సమంగా కలిపి ఉసిరికాయంత ఉండ ఒకటి, తర్వాత పది నిమిషాలకోసారి గోలీ అంత. ఎక్కువ వేస్తే కడుపు నిండి గాలం వైపు చూడవు.

బెండు మునుగుతోంది, చేప పడటం లేదు. ఎందుకు?

నూటికి తొంభై సార్లు ఎర పెద్దదై ఉంటుంది. పరక అంచు కొరికి లాగుతుంది, బెండు టకటక కొట్టుకుంటుంది, గాలం నోట్లోకి పోదు. ఎర సగం చేయండి. అప్పటికీ పడకపోతే బెండు మరీ తేలుతోందని అర్థం, నోట్లో పెట్టుకున్న చేపకు బరువు తెలిసి ఉమ్మేస్తుంది. ఒక గుండు కలపండి. మూడోది గుంజే తీరు. భుజంతో లాగితే పెదవి తెగుతుంది. బెండు పక్కకు జరిగినా, మునిగినా, లేక ఉన్నట్టుండి పైకి లేచినా మణికట్టు మాత్రం నాలుగు వేళ్లంత ఎత్తాలి. బెండు పైకి లేవడమంటే చేప ఎరతో సహా కింది గుండును ఎత్తిందన్నమాట. అది చూడక వదిలేసేవాళ్లు ఎక్కువ.

దోమతెర లాగితే తప్పేంటి? కరెంటు, మందు?

దోమతెర కన్నంలోంచి గుడ్డు నుంచి వచ్చిన పిల్ల కూడా తప్పించుకోదు. ఒక్క లాగుడుకు ఆ మడుగులో వచ్చే ఏటి చేపలు పోయినట్టే. నీళ్లలో మందు కలపడం, పేలుడు వాడడం 1897 మత్స్య చట్టం నాటి నుంచీ నేరం. కరెంటు తీగ పెట్టి పట్టడంలో చేప కంటే ముందు మనిషి పోతాడు.

ఎవరి అనుమతి కావాలి?

చెరువైతే అక్కడి మత్స్య సహకార సంఘాన్ని అడగకుండా గాలం వేయొద్దు, ఒక్క పరకకైనా. మత్తడి కాలువ కూడా చాలా ఊళ్లలో సంఘం లెక్కలోదే. పాకాల, ఏటూరునాగారం, కవ్వాల్ లాంటి అభయారణ్యాల లోపల అటవీ శాఖ అనుమతి లేకుండా పట్టడం నేరం. మిగతా వాగుల్లో ఊరివాళ్లను అడిగితే గొడవ ఉండదు, పైగా లోతు గుంతలెక్కడున్నాయో వాళ్లే చెప్తారు. ఇసుక తోడిన గుంత పైనుంచి మోకాలి లోతులా కనిపించి మనిషిని ముంచుతుంది.

ఇంకో మాట. పాకాల ఏరు, ఆకేరు నీళ్లు మున్నేరు మీదుగా కృష్ణకు పోతాయి. జంపన్నవాగు, మోరంచవాగు నీళ్లు గోదావరికి. గంట ప్రయాణంలో రెండు నదుల చేపలు దొరికే నేల ఇది. ఒకవైపు పట్టింది ఇంకోవైపు వదలొద్దు.

వాన రోజుల్లో వెళ్లొచ్చా?

వెళ్లొద్దు. మీ దగ్గర చినుకు లేకున్నా ఎగువన పడితే వాగు వస్తుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది, మోరంచవాగు పొర్లి మోరంచపల్లి మునిగింది. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడితే, ఆకులు, పుల్లలు తేలి వస్తుంటే కర్ర వదిలేసి గట్టెక్కండి.

వండితే చేదు ఎందుకొస్తోంది?

లోపల పిత్తం చిట్లింది. చేదుపరక అనే పేరున్న చేపలో కూడా సగం నింద శుభ్రం చేసినవాళ్లదే. గరుకు బండ మీద బూడిదో రాళ్ల ఉప్పో వేసి మెల్లగా రుద్దితే పొలుసు పోతుంది. తర్వాత పొట్ట అడుగున చిన్నగా కోసి, బొటనవేలితో తోక వైపు నుంచి తల వైపు కాకుండా, తల వైపు నుంచి కోత వైపు నెట్టి లోపలిది ఒకే ముద్దగా తీయాలి. పచ్చటి మరక కనిపిస్తే వెంటనే ఉప్పు నీళ్లలో రెండుసార్లు కడగండి, ఆలస్యమైతే మాంసంలోకి దిగుతుంది. పట్టిన మూడు నాలుగు గంటల్లోపు ఈ పని అయిపోవాలి. వేసవిలో ఇంకా ముందే, లేకపోతే పొట్ట దానంతటదే పగులుతుంది. మోలా ఒక్కదానికే ఇంత కోత వద్దు, పొట్ట కొంచెం నొక్కి పేగు తీసి వదిలేయండి.

గుర్తుపట్టడానికి ఫొటో తీసి వదలాలంటే?

20 సెంటీమీటర్ల పొడవు, 12 ఎత్తు, 4 వెడల్పు ఉన్న చిన్న అద్దపు డబ్బాలో అదే వాగు నీళ్లు పోయండి. చేపను వేసి, వెనక నుంచి ఇంకో అద్దం ముక్కతో ముందు అద్దానికి మెల్లగా జరిపితే కదలకుండా నిలబడుతుంది. తల ఎడమ పక్కకు ఉండేట్టు ఒక ఫొటో, కుడి పక్క ఒకటి, మూతి దగ్గరగా ఒకటి. రెక్కలు విచ్చుకునేదాకా ఆగండి. ఒక నిమిషంలో ముగించాలి. బకెట్‌లో ఉంచితే ఐదు లీటర్లకు ఐదారు చేపలే, నీడలో, పావుగంటకోసారి నీళ్లు మార్చి.

వదిలేటప్పుడు పైనుంచి విసరొద్దు. చేప పక్కకు వాలుతుంటే అరచేతి తొట్టిలో, నెమ్మది నీళ్లలో, మూతి ఎగువకు పెట్టి పట్టుకోండి. ముందుకూ వెనక్కూ ఊపొద్దు, మొప్పల్లోకి నీళ్లు వెనక నుంచి దూరితే ఇంకా ఉక్కిరిబిక్కిరవుతుంది. తోక రెండుమూడుసార్లు కొట్టాక వేళ్లు విప్పితే చాలు, అదే వెళ్తుంది.